నలుపు ముందు

యాకూత్స్క్‌లో ఈ రాత్రి
సున్నాకి నలభై ఎనిమిది డిగ్రీలు కింద.
బండి వీధిలోనే ఉంటుంది.
బ్యాటరీ మాత్రం మాతోపాటు
మూడంతస్తులెక్కి ఇంట్లో పడుకుంటుంది.

నాన్న చేతులు వణకడం మొదలయ్యాక
ఈ పని నాకొచ్చింది.
పెద్ద మాటలేం చెప్పలేదు.
పది నంబరు పానా నా కోటు జేబులో వేసి
"తుయారా, విప్పేటప్పుడు నలుపు ముందు" అన్నాడు.

ఎందుకని అడిగాను.

"బండి ఇనుమంతా నలుపుకి పుట్టిల్లు.
నలుపు ఇంకా ఇంట్లో ఉండగా
ఎరుపు మీద పానా వేశావనుకో,
అది జారి ఎక్కడ తగిలినా నిప్పే.
నలుపుని ముందే విడదీశావా,
ఆ తర్వాత పానా ఎటు తగిలినా
ఎవరూ ఎవరికీ చుట్టాలు కారు."

లేనా నది గడ్డకట్టినప్పుడు
దాని వీపు మీద ముప్పై ఏళ్ళు లారీ తోలిన మనిషి.
కుడిచేతి ఉంగరపు వేలికి ఉంగరం లేదు.
ఆ జాగాలో చుట్టూ తిరిగిన తెల్లటి మచ్చ.
ఒక తెల్లవారుజామున తొందరలో ఎరుపు ముందు విప్పబోయాడు.
పానాకీ బండి ఇనుముకీ మధ్య
బంగారం ఇరుక్కుంది.
రెప్పపాటు కూడా కాదంటాడు.
అమ్మ ఆ కథ చెప్పినప్పుడల్లా చివర్లో నవ్వుతుంది:
"నేను తొడిగింది కోసి తీశారు.
ఇది మాత్రం ఊడదు."

ఇంజను ఆపాను. లైట్లు ఆపాను.
తాళంచెవి జేబులో ఉందని రెండుసార్లు తడుముకున్నాను.
బానెట్ ఎత్తాను. మంచుపొగ
వీధిదీపాన్ని పాలలో ముంచినట్టుంది.
నట్టు చిన్నది, తొడుగుల్లో పట్టు దొరకదు.
కుడి తొడుగు లాగేశాను.

మూడో అంతస్తులో మా వంటింటి దీపం
ఆరింది. వెలిగింది.
మళ్ళీ ఆరింది.

తలెత్తాను. కిటికీ మంచులో నాన్న
ఊపిరితో కరిగించుకున్న రూపాయంత కన్నం.
నలుపు మీదే ఉంది నాన్నా పానా, ఇంకేంటి?
దీపం మళ్ళీ ఆరింది.

అప్పుడు చూసుకున్నాను, నా వేలు.
న్యుర్గున్ తొడిగి ఇంకా మూడు వారాలే.
నిన్నటిదాకా సబ్బు పెట్టినా కదలనిది
చలికి వేలు సన్నబడి
అడగకముందే జారి అరచేతిలో పడింది.
తొడుగు బొటనవేలి గదిలో వేసుకున్నాను.
దీపం ఇక ఆరలేదు.

నలుపు తీసి, పక్కకు వంచి, గుడ్డ చుట్టాను.
తర్వాత ఎరుపు.
తర్వాత అడ్డబద్ద.
పదిహేను కిలోల బరువుని
వంపకుండా, కుదపకుండా,
నిద్రపోయిన పిల్లాడిని బస్సు దింపినట్టు.

పైకొచ్చి అడిగాను,
"అంత ఎత్తునుంచి ఉంగరం ఎలా కనపడింది?"
"కనపడలేదు" అన్నాడు. "గుర్తొచ్చింది."

బ్యాటరీకి మా ఇంట్లో ఒక చెక్కపలక ఉంది,
పొయ్యికి దూరంగా, బూట్ల వరసలో.
సిగరెట్ వెలిగించుకుని వచ్చిన ఉయ్‌బాన్ మావయ్యని
అమ్మ గడప అవతలే నిలబెట్టింది.
"దాని ఊపిరి మంచిది కాదు, నీదీ కాదు."
బిరడాల మీద పూసిన పచ్చటి చిలుముకి
అట్లకని దాచిన తినే సోడా కలిపి,
పాత పళ్ళబ్రష్షుతో తోమాను.
నురగ బుసబుసమంది.
పిల్లి దూరంగా కూర్చుని ఆ చప్పుడుకి చెవులు రిక్కించింది.

పొద్దున క్రమం తిరగబడుతుంది.
ఎరుపు ముందు, బిగువుగా.
నలుపు చివర.
తగిలీ తగలగానే ఒక చిన్న మెరుపు,
ఆవగింజ చిటపటంత.
దానికి ఇప్పటికీ నేను ఉలిక్కిపడతాను.
నాన్నకి చెప్పను.

బండి దగ్గి, మూలిగి, లేచింది.
రేడియో తన స్టేషన్లన్నీ మరిచిపోయింది.
గడియారం నాలుగు సున్నాలు చూపిస్తోంది.
దాన్ని ఎవరూ సరిచెయ్యం;
మా బండిలో ప్రతి ఉదయమూ అర్ధరాత్రే.

బొటనవేలి గదిలో ఉంగరం
గేరు మార్చినప్పుడల్లా చల్లగా దొర్లుతోంది.
రాత్రి పెట్టుకోలేదు, పొద్దున మళ్ళీ ఈ పనే కదా అని.
బేకరీ చేరాక,
వేలు కాస్త వెచ్చబడ్డాక, చూడాలి.